సన్‌స్టోన్ సింపోజియం: మోర్మన్లు, మాజీ మోర్మన్లు కలిసి కూర్చునే చోటికి బయటివాళ్ళు వెళ్ళొచ్చా?

వాసాచ్_వాకిలి:

అందరికీ నమస్కారం. మేముండేది యూటాలో, లీహై దగ్గర. ఆఫీసులో మా టీంలో ఒకాయన క్రమం తప్పకుండా చర్చికి వెళ్ళే మోర్మన్, అంటే జోసెఫ్ స్మిత్ స్థాపించిన ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్-డే సెయింట్స్ సంఘం సభ్యుడు. ఇంకొకావిడ కొన్నేళ్ళ కిందట సంఘం నుంచి బయటికి వచ్చేశారు. ఇద్దరికీ మంచి స్నేహం. ఈ వేసవిలో జరిగే సన్‌స్టోన్ సింపోజియంకి నన్నూ రమ్మంటున్నారు. మాది హిందూ కుటుంబం. మోర్మన్ల గురించి నాకు తెలిసిందంతా ఇరుగుపొరుగు పరిచయమే.

అక్కడ అసలేం జరుగుతుంది? తెలియక ఎవరి మనసైనా నొప్పించే అవకాశం ఎక్కడుంది? తర్వాత వీళ్ళిద్దరినీ, ఇరువైపుల మిత్రుల్లో కొందరినీ మా ఇంటికి పిలిచి ఒక సాయంత్రం తీరిగ్గా మాట్లాడుకునేలా చేయాలని ఉంది. అది రసాభాస కాకుండా ఏం చూసుకోవాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

ఉప్పుసరస్సు:

తప్పకుండా వెళ్ళండి. సన్‌స్టోన్‌కి టికెట్ కొనుక్కున్నవాళ్ళెవరైనా రావచ్చు, మతం అడగరు. కాకపోతే మోర్మన్ల గురించి జరిగే సభలన్నీ ఒకటి కావు. ముందు ఆ తేడా తెలిస్తే సగం ఇబ్బందులు తప్పుతాయి.

సన్‌స్టోన్ 1970ల మధ్యలో విద్యార్థులు మొదలుపెట్టిన పత్రిక. సింపోజియం 1979 నుంచి జరుగుతోంది. సంఘానికీ దీనికీ సంబంధం లేదు. నమ్మేవాళ్ళు, సగం నమ్మేవాళ్ళు, మానేసినవాళ్ళు, కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ వంటి ఇతర శాఖలవాళ్ళు, అందరూ ఒకే వేదిక ఎక్కుతారు. అందుకే మీ ఇద్దరు మిత్రులూ కలిసి వెళ్ళగలుగుతున్నారు. ఫెయిర్ అనే సంస్థ పెట్టే సభ వేరు, అది సంఘం మీద వచ్చే విమర్శలకు జవాబులు చెప్పడానికి. బయటికి వచ్చేసినవాళ్ళు తమ కోసం పెట్టుకునే సభలూ ఉన్నాయి, అక్కడ నమ్మే సభ్యుడికి ఊపిరాడదు. మోర్మన్ హిస్టరీ అసోసియేషన్ 1965లో పుట్టింది, చరిత్రకారుల సభ, చర్చంతా ఆధారాల చుట్టూ తిరుగుతుంది. అఫర్మేషన్ అనే సంస్థ 1977 నుంచీ ఎల్‌జీబీటీ మోర్మన్ల కోసం పనిచేస్తోంది. ఒక సభలో మామూలుగా చెల్లే మాట ఇంకో సభలో గాయం చేస్తుంది. రేపు ఎవరైనా ఇంకో సభకు పిలిస్తే వీటిలో ఇది ఏ రకమని ముందే అడగండి.

సింపోజియం సాధారణంగా జులై చివరా ఆగస్టు మొదటా, సాల్ట్ లేక్ చుట్టుపక్కల, కొన్ని రోజుల పాటు ఉంటుంది. ఒకే సమయంలో నాలుగైదు గదుల్లో వేరువేరు సెషన్లు నడుస్తాయి. ఒక్కోటి గంట నుంచి గంటన్నర. ఒకరు పత్రం చదువుతారు, దాని మీద ఇంకొకరు స్పందిస్తారు, చివర ప్రశ్నలు. కొన్ని చోట్ల నలుగురైదుగురు వరసగా కూర్చుని మాట్లాడతారు. బయట హాల్లో పుస్తకాల బల్లలుంటాయి. అసలు మాటలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి కాబట్టి సెషన్ల మధ్య అరగంటైనా ఖాళీ పెట్టుకోండి. రోజుకు మూడు సెషన్లు చాలు. ఐదారు విన్నవాళ్ళకు సాయంత్రానికి ఎవరేం చెప్పారో కలగాపులగం అయిపోతుంది.

కొత్తవాళ్ళు ఎంచుకోవలసింది: "నేనెందుకు ఉంటున్నాను" అనే అంశం మీద సన్‌స్టోన్‌లో ఎన్నో ఏళ్ళుగా ఒక సెషన్ ఉంటోంది. సందేహాలున్నా సంఘంలో కొనసాగుతున్నవాళ్ళు తమ కారణాలు చెబుతారు. దానితో మొదలుపెట్టండి. చరిత్ర మీద ఒకటి, కుటుంబాల మీద ఒకటి పెట్టుకోండి. అబ్రహాము గ్రంథం (ఈజిప్టు పాపిరస్‌ల నుంచి అనువదించానని జోసెఫ్ స్మిత్ చెప్పిన పవిత్ర గ్రంథం) మీద పత్రాలు ఈసారికి వదిలేయండి. ఆ పాపిరస్‌ల గొడవ మొదటి నుంచీ తెలియకపోతే పది నిమిషాల్లో దారి తప్పుతారు.

వెళ్ళే ముందు చదవాల్సినవి సంఘమే తన వెబ్‌సైటులో పెట్టింది. 2013 నుంచి 2015 మధ్య చిక్కు ప్రశ్నల మీద వరసగా వ్యాసాలు ప్రచురించారు. జోసెఫ్ స్మిత్ మొదటి దర్శనానికి ఉన్న వేరువేరు కథనాలు, మోర్మన్ గ్రంథం అనువాదం, జాతి-యాజకత్వం (సంఘంలో పురుషులకు ఇచ్చే మతాధికారం), సంఘం నావూ పట్టణంలో ఉన్న కాలంలో బహుభార్యాత్వం, ఈ నాలుగూ చదివితే సభలో మాటలు అందుతాయి. నల్లజాతి పురుషులకు యాజకత్వం పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి 1978 దాకా లేదన్న సంగతి, జోసెఫ్ స్మిత్ పెళ్ళిళ్ళలో ఒక అమ్మాయికి అప్పటికి పదిహేనో ఏడు నిండలేదన్న సంగతి ఆ వ్యాసాల్లోనే ఉన్నాయి. సంఘం స్వయంగా రాసినవి కాబట్టి ఇరువైపులవాళ్ళూ వీటిని కాదనరు. బయట వీడియోలు చూసి వెళితే అందులో సగం మాటల మీద అక్కడ ఎవరికో అభ్యంతరం ఉంటుంది.

ఒక జాగ్రత్త. చాలా సెషన్లు రికార్డవుతాయి. మైకులో ప్రశ్న అడిగితే మీ గొంతూ అందులో ఉంటుంది. ఫోటోలు మాత్రం, ముఖ్యంగా పక్కవాళ్ళు పడేలా, అడగకుండా తీయకండి. ఆ గదిలో భార్యకు చెప్పకుండా వచ్చిన భర్త ఉండొచ్చు.

నాలుగు_దారులు:

నొప్పించకుండా ఉండటం గురించి అడిగారు కదా. మాటల జాబితా బట్టీ పడితే సరిపోదు, నొప్పి ఎక్కడుందో తెలియాలి.

మోర్మన్ వార్డు, అంటే ఆదివారం కలిసే స్థానిక కూటం, ఇంటి చిరునామాను బట్టి ఉంటుంది. నచ్చిన చర్చి ఎంచుకోవడం ఉండదు. యూటాలో చాలా వీధుల్లో ఇరుగుపొరుగంతా ఒకే వార్డు. వార్డును నడిపే బిషప్పుకు జీతం లేదు, సుమారు ఐదేళ్ళు ఆ బాధ్యత మోస్తారు, పగలు మామూలు ఉద్యోగమే. మీ ఆఫీసులో మేనేజరే ఎవరికో బిషప్పు అయ్యుండొచ్చు. ఒక మనిషి మానేశారంటే ఆదివారం ఒక గంట మానేసినట్టు కాదు. పిల్లల స్నేహాలు, జ్వరమొస్తే వంట పంపేవాళ్ళు, ఇల్లు మారితే సామాను మోసేవాళ్ళు, అందరితోనూ సంబంధం మారిపోతుంది. అందుకే బయటికి వచ్చేసినవాళ్ళు కూడా ఈ సభలకు వస్తారు, ఊళ్ళో ఇల్లు అమ్మేసినా జాతరకు వచ్చేవాళ్ళలాగా. "మానేశారుగా, ఇంకా దీని గురించి ఎందుకు మాట్లాడతారు?" అని మాత్రం అనకండి. వాళ్ళను అన్నిటికంటే గుచ్చే మాట అదే.

రెండోది పెళ్ళి. ఆలయంలో జరిగే ముద్ర వివాహానికి (చనిపోయాక కూడా నిలుస్తుందని వాళ్ళు నమ్మే పెళ్ళి) ఆలయ రికమెండ్, అంటే ఇంటర్వ్యూ చేసి ఇచ్చే ప్రవేశ అనుమతి, ఉన్నవాళ్ళే లోపలికి వెళ్ళగలరు. తల్లి మానేసి ఉంటే కూతురి పెళ్ళికి బయట బెంచీ మీద కూర్చోవాలి. అమెరికాలో బయట పెళ్ళి చేసుకుంటే ఆలయ వివాహానికి ఏడాది ఆగాలన్న నియమం 2019 మేలో తీసేశారు. ఇప్పుడు ముందు అందరి ఎదుటా పెళ్ళి, తర్వాత ఆలయం, అలా చేసుకోవచ్చు. కానీ అంతకు ముందు బయట కూర్చున్నవాళ్ళ బాధ అలాగే ఉంది. కుటుంబాల మీద సెషన్లో ఇది తప్పకుండా వస్తుంది.

మూడోది 2015 నవంబరు. ఒకే లింగంవారి జంటల దగ్గర పెరిగే పిల్లలకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా బాప్తిస్మం లేదని విధానం పెట్టి, 2019 ఏప్రిల్‌లో వెనక్కు తీసుకున్నారు. మామూలుగా బాప్తిస్మం ఎనిమిదేళ్ళకు. ఆ మధ్యకాలంలో బయటికి వచ్చేసినవాళ్ళు, "2015" అన్న ఒక్క మాటతో మొత్తం చెప్పేస్తారు.

ఇక నమ్మేవాళ్ళ వైపు. ఆలయంలో ఏం జరుగుతుందో అడగకండి. బయట మాట్లాడబోమని వాళ్ళు ప్రమాణం చేసి ఉంటారు. సభ్యులు లోపల ధరించే గార్మెంట్ మీద హాస్యాలు, "నీకు భార్యలెంతమంది" వంటివి అస్సలు వద్దు. బహుభార్యాత్వాన్ని సంఘం ఆపుతున్నట్టు ప్రకటించింది 1890లో. మాజీ సభ్యుడు ఒకరు ఆ హాస్యం ఆడినా మీరు నవ్వు కలపకండి. ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళను అనుకునే మాట బయటివాళ్ళ నోట వేరుగా వినిపిస్తుంది. 2018 నుంచి సంఘం "మోర్మన్" అనకుండా తన పూర్తి పేరే వాడమంటోంది కాబట్టి నమ్మేవాళ్ళను "మీ సంఘం", "సభ్యులు" అంటే సరిపోతుంది.

సభలో వినిపించే రెండు మాటలు. "షెల్ఫు విరిగింది" అంటే, జవాబు దొరకని ప్రశ్నల్ని పక్కన పెట్టుకుంటూ వచ్చి ఇక మోయలేకపోయారని. "పిమో" అంటే ఆదివారం వార్డులో కూర్చుంటారు గానీ మనసు ఎప్పుడో బయటికి వచ్చేసింది. ఎవరైనా తాను పిమో అని చెబితే ఆ మాట ఆ గది దాటకూడదు. ఆఫీసు మిత్రుల దగ్గర కూడా.

కోటిలింగాల_రేవు:

ఇదే చోట నాదొక ప్రశ్న. మాది రాజమండ్రి, పుట్టింది సంఘంలోనే. ఇప్పుడు యూటాలో చదువు. నాకూ ఇలాంటి సభలకు వెళ్ళి వినాలని ఉంది. వెళితే ఆలయ రికమెండ్ పోతుందా? ఒకప్పుడు సన్‌స్టోన్‌కి వెళ్ళినవాళ్ళను వెలివేశారని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు.

పాత_కాగితాలు:

పెద్దవాళ్ళ భయానికి ఆధారం ఉంది. 1991 ఆగస్టులో సంఘం అత్యున్నత నాయకత్వమైన ప్రథమ అధ్యక్షత్వం, పన్నెండుమంది అపొస్తలుల సమూహం కలిసి సింపోజియంల మీద ఒక ప్రకటన చేశాయి. పవిత్ర విషయాల్ని, ముఖ్యంగా ఆలయాన్ని, బహిరంగంగా చర్చించడం బాధ కలిగిస్తోందని, అలాంటి చోట సభ్యులు పాల్గొనకపోవడమే కొన్నిసార్లు మేలని దాని సారం. 1993 సెప్టెంబరులో ఆరుగురు రచయితలు, మేధావుల మీద చర్య తీసుకున్నారు. ఐదుగురిని వెలివేశారు, ఒకరి సభ్యత్వ హక్కుల్ని పరిమితం చేశారు. చరిత్రకారుడు మైకేల్ క్విన్ వారిలో ఒకరు. సంపాదకురాలు లావీనా ఫీల్డింగ్ ఆండర్సన్ మరొకరు. ఆమె ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు తన వార్డుకు వెళుతూనే ఉన్నారు. 2019లో మళ్ళీ బాప్తిస్మం కోరితే ప్రథమ అధ్యక్షత్వం ఒప్పుకోలేదు, 2023లో కన్నుమూశారు. మరొకరు, మాక్సీన్ హ్యాంక్స్, 2012లో తిరిగి బాప్తిస్మం తీసుకున్నారు. లోపల, బయట అని గీత గీసి మనుషుల్ని విడదీయడం ఎంత కష్టమో ఈ ఇద్దరి జీవితాలు చూస్తే తెలుస్తుంది. అయితే ఆ ఆరుగురూ సభకు వెళ్ళి విన్నందుకు కాదు, రాసినదానికీ మాట్లాడినదానికీ చిక్కుల్లో పడ్డారు.

ఇప్పటి పరిస్థితి. రికమెండ్ ఇంటర్వ్యూలో పాత ప్రశ్న, సంఘ బోధకు విరుద్ధమైన గుంపులతో సంబంధం ఉందా, వాళ్ళతో ఏకీభవిస్తారా అని అడిగేది. 2019 అక్టోబరులో ప్రశ్నల్ని మార్చారు. ఇప్పుడు, సంఘానికి విరుద్ధమైన బోధల్ని, ఆచారాల్ని, సిద్ధాంతాన్ని మీరు సమర్థిస్తున్నారా, ప్రోత్సహిస్తున్నారా అని అడుగుతారు. "సంబంధం" అన్న మాట పోయింది. వెళ్ళి వినడం ఈ ప్రశ్న కిందికి రాదు. సభ్యత్వం మీద చర్యకు సంఘ నియమాల హ్యాండ్‌బుక్ చెప్పేది, సంఘాన్ని గానీ నాయకుల్ని గానీ పదేపదే, తెలిసి తెలిసి, బహిరంగంగా వ్యతిరేకించడం. వినేవాళ్ళకూ దానికీ చాలా దూరం.

అలాగని పూర్తిగా నిశ్చింతగా ఉండమని చెప్పను. ఇంటర్వ్యూ చేసేది స్థానిక బిషప్పు, స్టేకు (కొన్ని వార్డుల సమూహం) అధ్యక్షుడు. ఒకరు పట్టించుకోరు, ఇంకొకరు లోతుగా అడుగుతారు. మీరు చదివేది బీవైయూలో (సంఘం నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చదువు కొనసాగాలంటే ఏటా మతనాయకుడి ఆమోదం తిరిగి తీసుకోవాలి. అది ఆగితే పోయేది రికమెండ్ ఒక్కటే కాదు, సీటూ పోతుంది, సీటుతో పాటు వీసాకూ ముప్పే. ఆ పరిస్థితిలో ఉంటే ఆన్‌లైన్‌లో రికార్డింగులు వినడం మంచిది. వేరే యూనివర్సిటీ అయితే ఇంత చిక్కు లేదు.

ఇంకోటి. హైదరాబాదు స్టేకు 2012లో ఏర్పడింది, మన దేశంలో అదే మొదటిది. బెంగళూరు ఆలయాన్ని 2018లో ప్రకటించారు. మన దగ్గర సంఘం ఇంకా చిన్నది, చిన్న బ్రాంచిలో (వార్డు కంటే చిన్న కూటం) ఎవరి సంగతీ దాగదు. ఎవరైనా ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో మీ పేరు తగిలిస్తే సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. ట్యాగింగ్‌కు మీ అనుమతి తప్పనిసరి అని ముందే సెట్ చేసుకోండి. మెడలో వేసుకునే బ్యాడ్జి మీద ఇంటిపేరు లేకుండా రాయించుకోవచ్చేమో రిజిస్ట్రేషన్ దగ్గర అడగండి. అమ్మానాన్నలకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పదలిస్తే మాత్రం ఫోటో కంటే ముందు మీ గొంతే వాళ్ళను చేరాలి.

ఉప్పుసరస్సు:

వాసాచ్_వాకిలి గారూ, ఇంట్లో కూర్చోబెట్టే సంగతికి వస్తాను.

మొదట ఏ రోజు పిలవాలో చూసుకోండి. ఆదివారం హోటల్లో వద్దు, నిష్ఠగా ఉండేవాళ్ళు ఆ రోజు డబ్బు ఖర్చు పెట్టరు. ఇంట్లోనైనా నెలలో మొదటి ఆదివారం ఉపవాసం, నీళ్ళు కూడా తాగరు. సోమవారం సాయంత్రం కుటుంబానికి కేటాయించుకునే అలవాటు ఎక్కువ ఇళ్ళలో ఉంది. మంగళ, బుధవారాల్లో పిల్లల కార్యక్రమాలుంటాయి. ఏప్రిల్, అక్టోబరు నెలల మొదటి వారాంతం సర్వసభ్య సమావేశం, శని ఆదివారాలు రెండూ పోతాయి. మిగిలేది గురువారం సాయంత్రం, మామూలు శనివారం. శనివారం అయితే తొమ్మిదికల్లా ముగించండి.

మనుషులు ఎనిమిది నుంచి పన్నెండు. ఆరుగురికి తగ్గితే ఇద్దరి వాదన మిగతావాళ్ళు చూస్తూ కూర్చోవలసి వస్తుంది. పదిహేను దాటితే మూలమూలలా గుంపులు కడతారు. ముఖ్యంగా లెక్క సరిచూసుకోండి. పదిమందిలో నమ్మేవాళ్ళు ఒక్కరే అయితే ఆ ఒక్కరే అందరికీ జవాబుదారీ అవుతారు. ఏ వైపూ ముగ్గురికి తగ్గకూడదు. ఎవరెవరు వస్తున్నారో అందరికీ ముందే చెప్పండి. ఒకే వార్డువాళ్ళు ఇద్దరు అనుకోకుండా ఎదురుపడితే, తమ సంగతి బయట చెప్పని మనిషికి ఆ సాయంత్రం నరకం.

తాగడానికి మన చాయ్ వద్దు. జ్ఞాన వాక్యం అనే సంఘ ఆరోగ్య నియమం ప్రకారం టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషేధం. టీ అంటే గ్రీన్ టీ కూడా. "కొంచెమే టీ పొడి వేశా" అన్నా కుదరదు. మజ్జిగ, నిమ్మరసం, బాదం పాలు, టీ ఆకు లేని శొంఠి-ధనియాల కషాయం, ఇవన్నీ అందరూ తాగుతారు. కోకు తాగొచ్చు. కొబ్బరి సిరప్, క్రీము కలిపిన సోడాలంటే యూటావాళ్ళకు ప్రాణం, అవి పెడితే ఇరువైపులా సంతోషిస్తారు. మాజీ సభ్యుల్లో కొందరికి కాఫీ కప్పు పట్టుకోవడం తమ స్వేచ్ఛకు గుర్తు, అది వాళ్ళ హక్కు. కానీ ఈ ఒక్క సాయంత్రం బల్ల మీద కాఫీ లేకపోతే ఎవరికీ నష్టం లేదు. పిలిచేటప్పుడే ఆ మాట చెప్పేయండి. తిండిలో ఏ చిక్కూ లేదు, కారం ఒక్కటి తగ్గించండి.

రెండు గంటలు చాలు. తినడం ముందు, మాట తర్వాత. ముందు మాట మొదలైతే వంట చల్లారిపోతుంది, అలా కూర్చున్నవాళ్ళు లేవరు. మొదట్లోనే మూడు నియమాలు చదవండి: రికార్డింగు లేదు, ఇక్కడి పేర్లు బయటికి పోవు, ఎవరైనా తన సంగతే చెప్పాలి గానీ ఎదుటివాళ్ళ నమ్మకాన్ని వివరించకూడదు. మూడోది అన్నిటికంటే పెద్దది. "మీరు మోసపోయారు" అని మాజీ సభ్యుడు, "నీకు పాపం చేయాలని ఉండి మానేశావు" అని సభ్యుడు, ఈ రెండు మాటలతోనే ఇలాంటి సాయంత్రాలు పాడవుతాయి. రెండూ ఎదుటివాళ్ళ మనసులో ఏముందో తామే చెప్పడం. నియమాన్ని మీరు గుర్తు చేయగలరు, ఎందుకంటే మీరు ఏ పక్షమూ కాదు.

ప్రశ్న ఒక్కటే పెట్టండి, సిద్ధాంతానిది కాకూడదు. "మీ వార్డులో పెరగడం వల్ల మీకు వచ్చిన ఏ అలవాటును ఇప్పటికీ వదులుకోరు?" లాంటిది. తలా మూడు నిమిషాలు వరసగా, మధ్యలో ఎవరూ జవాబివ్వకుండా. పదిమందికి అరగంట. రెండో చుట్టులో ఒకరినొకరు అడగొచ్చు. మొదటి చుట్టు లేకుండా నేరుగా చర్చకు దిగితే బాగా మాట్లాడేవాళ్ళు ఇద్దరే గదిని ఏలుతారు.

ప్రార్థన సంగతి ముందే తేల్చుకోండి. సభ్యులకు ఏ కూటమైనా ప్రార్థనతో మొదలుపెట్టడం అలవాటు, ఎవరో ఒకరు చేతులు కట్టుకుని తల వంచేస్తారు. బయటికి వచ్చినవాళ్ళలో కొందరికి అది ఇబ్బంది. భోజనానికి ముందు ఒక నిమిషం మౌనమని మీరే చెబితే ఇద్దరికీ సరిపోతుంది.

వాసాచ్_వాకిలి:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా కృతజ్ఞతలు. గురువారం ఖాయం చేసుకున్నాను. ఇక ఒక్కటే అడుగుతాను. వచ్చేవాళ్ళలో ఒక జంట ఉంది, భార్య నమ్ముతారు, భర్త మానేశారు. వాళ్ళిద్దరి మధ్యే మాట పెరిగితే ఏం చేయాలి?

నాలుగు_దారులు:

జంటల్ని పక్కపక్కన కూర్చోబెట్టకండి, ఎదురెదురుగా కూడా వద్దు. ఒకే వైపు, మధ్యలో ఇద్దరు మనుషులు ఉండేలా చూడండి. ఒకరి ముఖం ఒకరికి కనబడకపోతే ప్రతి మాటకూ కళ్ళతో జవాబివ్వడం ఉండదు. మొదటి చుట్టులో భార్య గానీ భర్త గానీ ఎవరు ముందో వాళ్ళనే ఎంచుకోమనండి, రెండోవాళ్ళు వెంటనే కాకుండా ఇద్దరి తర్వాత మాట్లాడాలి.

మాట పెరిగితే సర్దిచెప్పబోకండి. అలాంటి ఇళ్ళలో గొడవ పడేది దేవుడి గురించి తక్కువ, దశమభాగం ఇవ్వాలా, కొడుకు పద్దెనిమిదేళ్ళకు మిషన్‌కి (మతప్రచార సేవకు) వెళ్ళాలా అన్నదాని గురించి ఎక్కువ. రాబడిలో పదో వంతు, కొడుకు జీవితంలో రెండేళ్ళు. అవి ఒక సాయంత్రంలో తేలవు. "ఇది మీ ఇద్దరి ఇంటి విషయం, ఇక్కడ వద్దు" అని మెల్లగా చెప్పి తర్వాతి మనిషికి మాట ఇవ్వండి. ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే చుట్టూ మూగొద్దు, నీళ్ళ గ్లాసు చేతికిచ్చి చుట్టు కొనసాగించండి. లేచి బయటికి వెళ్ళాలనుకుంటే వెళ్ళగలిగేలా తలుపు వైపు ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి. వెళ్ళిన మనిషి వెనక మాత్రం అదే వైపుకు చెందిన స్నేహితుణ్ణి పంపాలి. భర్త వెళితే మరో మాజీ సభ్యుడు, భార్య వెళితే మరో సభ్యురాలు.